హెడ్‌షాట్ బాగుంది, కానీ అందులో నేను లేను. ఏం చేయాలి?

నాలుగేళ్లుగా నాటకాలు వేస్తున్నాను. ఈ మధ్యే కెమెరా ముందు వేషాల కోసం ఫొటోలు పంపడం మొదలుపెట్టి, పోయిన నెల హెడ్‌షాట్లు, అంటే వేషాల కోసం పంపే ముఖం ఫొటోలు, తీయించుకున్నాను. ఎడమ కనుబొమ్మ మీద నాకు చిన్నప్పటి గాటు ఒకటుంది. ఫొటోగ్రాఫర్ దాన్ని శుభ్రంగా చెరిపేశాడు. చర్మమంతా మైనం పూసినట్టుంది. మొన్న ఆడిషన్‌లో ఒకావిడ ఫొటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

వారంలో పోయే మొటిమను తీసేయొచ్చు, ఎప్పటికీ ఉండే మచ్చను మాత్రం ముట్టుకోకూడదని ఒక సీనియర్ అన్నారు. నాకూ అదే సబబనిపిస్తోంది. అందుకే మళ్ళీ తీయించుకోబోతున్నాను.

నవ్వుతూ ఒకటి, సీరియస్‌గా ఒకటి సరిపోతాయా? పోలీసు, డాక్టర్ డ్రెస్సులు వేసుకుని తీయించుకోమని కొందరంటున్నారు. అది కాస్త అతి కాదూ? చొక్కా రంగుతోనే ఆ పాత్రల ఛాయ తీసుకురావచ్చేమో!

ఇంకొకటి. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతున్నాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి, కిటికీ వెలుతురుకు ఎదురుగా నిలబడితే ముఖం సరిగ్గా వచ్చింది, కళ్లలో చిన్న మెరుపు కూడా పడింది. అలా తీసినది పంపితే చిన్నచూపు చూస్తారా?

ఇప్పుడు గడ్డం పెంచాను కూడా. గడ్డంతో, గడ్డం లేకుండా రెండూ పంపాలా? ఫొటోలు ఎంచే పని చేసినవాళ్లెవరైనా ఉంటే, మొదట మీ కన్ను దేనిమీద పడుతుందో చెప్పండి.