ఐఎన్ఎస్ సర్కార్స్ అనే ఓడ ఎక్కడుంది?

విజయనగరం కుర్రాడు:
మా పిన్ని కొడుకు అగ్నివీర్‌గా నేవీకి సెలెక్ట్ అయ్యాడు. చిలికాలో ట్రైనింగ్ అయ్యాక వైజాగ్‌లో ఐఎన్ఎస్ సర్కార్స్‌కి పోస్టింగ్ వచ్చింది. ‘మావాడు ఓడెక్కాడు’ అని పిన్ని వీధంతా చెప్పుకుని, పైడితల్లమ్మకి కొబ్బరికాయ కూడా కొట్టింది. మొన్న వాడు ఫొటో పంపాడు. చూస్తే వెనక వేపచెట్టు, సైకిల్ స్టాండు, ఉతికి ఆరేసిన దుప్పట్లు. నీటిచుక్క లేదు. మా అమ్మమ్మ అయితే ‘ఓడని రిపేరుకి ఇచ్చారేమోరా’ అంటోంది. ఐఎన్ఎస్ అంటే ఇండియన్ నేవల్ షిప్ అంటారు కదా, ఓడ కానిదానికి ఓడ పేరెందుకు? అక్కడ అసలు ఏం పని చేస్తారు? వైజాగ్ ఊరికి దానివల్ల ఒరిగేదేంటి? తెలిసినవాళ్లు చెప్పండి, పిన్నికి అర్థమయ్యేలా చెప్పాలి.

మల్కాపురం ఫిట్టర్:
బాబూ, మీ అమ్మమ్మగారు సగం నిజమే చెప్పారు. రిపేరు సంగతి తర్వాత చెప్తాను.

ముందు పేరు. ఒడ్డున ఉండే యూనిట్‌ని కూడా ఓడలాగే చూడటం బ్రిటిష్ వాళ్ల అలవాటు. మనం అదే ఉంచేసుకున్నాం. అక్కడ నేలని డెక్ అంటారు, గేటు దాటి సినిమాకి వెళ్తే లిబర్టీకి వెళ్లాడంటారు. ఎయిర్‌పోర్టు దగ్గరి డేగా, భీమిలి దారిలో కళింగ, సబ్‌మెరైన్ వాళ్ల బడి శాతవాహన, ఆసుపత్రి కల్యాణి, అన్నిటికీ ముందు ఐఎన్ఎస్ ఉంటుంది, ఆసుపత్రికి మాత్రం ఐఎన్‌హెచ్‌ఎస్. ఒక్కటీ నీళ్లలో తేలదు. సర్కార్స్ అంటే మన పాత ఉత్తర సర్కారులే, ఈ కోస్తా జిల్లాల పాత పేరు.

నేను నేవీవాణ్ణి కాదు. నేవీ ఓడల్ని రిపేరు చేసే డాక్‌యార్డులో సివిలియన్ ఫిట్టర్‌గా 1981లో చేరి 2015లో రిటైరయ్యాను. మాలాంటివాళ్లు అక్కడ వేలమంది. పొద్దున్న సింధియా రోడ్డు మీద సైకిళ్ల వరస చూసినవాళ్లకి తెలుస్తుంది, ఆ గేటు లోపల ఎన్ని ఇళ్ల పొయ్యిలు వెలుగుతాయో.

ఓడ సముద్రం మీద తిరగడం అందరూ చూస్తారు. జెట్టీకి తాళ్లు కట్టాక జరిగేది ఎవరికీ కనపడదు. ముందు ఒడ్డు నుంచి చేతిమందం కేబుళ్లు లాగి షోర్ సప్లై, అంటే ఒడ్డు కరెంటు ఇస్తారు. అప్పుడు ఓడలో జనరేటర్లు ఆపుతారు. అందాకా చెవుల్లో ఒకటే హోరు. ఆగిన నిమిషంలో ఆ నిశ్శబ్దం వింతగా ఉంటుంది. రోజుల తరబడి అరుచుకుంటూ మాట్లాడుకున్న కుర్రాళ్లు ఇంకా అరుస్తూనే ఉంటారు, పక్కవాడు నవ్వేదాకా. తర్వాత మంచినీళ్లు, డీజిలు, బియ్యం, కూరగాయలు ఎక్కుతాయి. చెత్త దిగుతుంది. మీ తమ్ముడు ఇప్పుడుండే చోటు ఆ మనుషులకి పడక, తిండి, జీతం కాగితాలు చూసే చోటు. పెద్ద రిపేరుకి వెళ్లే ఓడయితే ముందు మందుగుండు దించేయాలి. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర రోజూ బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో, ఎన్ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని.

ఇక రిపేరు. డ్రై డాక్‌లో ఓడ కూర్చోవడం చూడాలి బాబూ, పెళ్లిలో పీటలు వేసినట్టే. ఒక్కో ఓడ అడుగు ఒక్కో ఆకారం. డ్రాయింగ్ చూసుకుని దిమ్మలు ముందే పేర్చాలి. ఓడని లోపలికి లాగి, గేటు మూసి, నీళ్లు తోడతారు. నీళ్లు దిగేకొద్దీ ఓడ మెల్లగా వచ్చి దిమ్మల మీద ఆనుతుంది. డైవర్లు కిందకి దిగి చూసొచ్చి బొటనవేలు పైకెత్తేదాకా ఎవరికీ టీ దిగదు, అంత టెన్షన్. పూర్తిగా ఎండాక అడుగంతా అంటుకున్న పెంకులు, పాచి, ఆ నీచు వాసన. మూలల్లో చేపలు కొట్టుకుంటుంటే మాలో కొందరు తువ్వాలు పట్టుకుని పరిగెత్తేవాళ్లు.

ఈ డాక్‌యార్డు రాకముందు పెద్ద పనంటే బొంబాయి పోవాల్సిందేనని మా సీనియర్లు చెప్పేవాళ్లు. మొత్తం దేశం చుట్టి వెళ్లాలి. ఓడ వెళ్లినన్నాళ్లూ ఈ వైపు సముద్రంలో ఒక ఓడ తక్కువే కదా. 1960ల చివర్లో రష్యా ఓడలు, సబ్‌మెరైన్లు కొనడం, 1968లో ఈస్టర్న్ నేవల్ కమాండ్ పెట్టడం, రష్యన్ల సాయంతో ఇక్కడ యార్డు కట్టడం, మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బీచ్‌రోడ్డులో మీరు టికెట్ కొని చూసే సబ్‌మెరైన్ కురుసుర కూడా ఆ రోజుల్లోదే, 1969.

ఒడ్డు ఎంత ముఖ్యమో శత్రువుకీ తెలుసు. 1971లో మన విమానవాహక నౌక విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, అది విశాఖ వైపే ఉందని పాకిస్తాన్ వాళ్లని నమ్మించాలి. అప్పటి ఈస్టర్న్ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వేసిన ఎత్తుల్లో ఒకటి ఏంటో తెలుసా? అంత పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలకి ఆర్డర్లు పెట్టించడం. వేగులు ఓడని చూడక్కర్లేదు, వంకాయల లెక్క చూస్తే చాలు. విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన రేవు ముంగిటే మునిగింది.

సింధియా టైలర్ గారమ్మాయి:
ఫిట్టర్ బాబాయ్ గారూ, వంకాయల మాట బాగుంది. మా నాన్న లెక్క ఇంకోటి. మాది యూనిఫాంలు కుట్టే షాపు. ఓడలు వెళ్లిపోతే వీధికి వీధి ఖాళీ. నాన్న ఖాతా పుస్తకంలో పేరు రాసి పక్కన ఓడ పేరు రాసుకునేవాడు, మనిషి కంటే ఓడ ఎప్పుడొస్తుందో తెలుసుకోవడం తేలికని. నేవీ డేకి వారం ముందు తెల్ల యూనిఫాంలు గుట్టలుగా పడేవి. రాత్రి రెండింటిదాకా మిషన్ చప్పుడు. ఇస్త్రీ గీత వంకర పోతే ఆ కుర్రాడికి శిక్ష, మాకు తిట్లు.

గాజువాక వాసి:
ఊరికి ఒరిగేది అడిగారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. వైజాగ్‌లో ఇన్నేళ్లూ మనం ఎక్కిన విమానాలన్నీ నేవీ రన్‌వే మీదివే. టెర్మినల్ ఒకరిది, రన్‌వే ఒకరిది. వాళ్ల ఫ్లయింగ్ ఉన్న వేళల్లో మన విమానాలకి టైము దొరకదు. ఓ పక్క పోర్టు, ఓ పక్క బేస్ ఉంటే ఊరు ఉత్తరంగా మధురవాడ వైపు సాగక ఎటు సాగుతుంది? అలాగని లేకపోతే బాగుండునని అనలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు కప్పు లేచిపోయింది, డేగా కూడా బాగా దెబ్బతింది. అయినా రోడ్ల మీద పడ్డ చెట్లు కోయడానికి వచ్చినవాళ్లలో నేవీవాళ్లున్నారు.

మల్కాపురం ఫిట్టర్:
గాజువాక బాబు చెప్పింది ఒప్పుకుంటాను. ఇంకొకటి. 2020లో కరోనా మొదలైనప్పుడు మా డాక్‌యార్డు వాళ్లు ఒకే ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఆరుగురికి అందేలా పరికరం చేశారు. ఓడల పైపులు, వాల్వులతో రోజూ కుస్తీ పట్టేవాళ్లకి అది పెద్ద విషయం కాదని మీరనుకోవచ్చు. నేను అప్పటికి రిటైరయ్యాను. పేపర్లో ఫొటో చూసి ఆ ఫిట్టింగులని వేలితో లెక్కపెట్టుకున్నాను.

విజయనగరం కుర్రాడు:
చాలా థాంక్సండీ అందరికీ. పిన్నికి చదివి వినిపించాను. కొబ్బరికాయ వృథా కాలేదంది. అమ్మమ్మ ఒకటే అడిగింది: ‘అయితే వాడికి అక్కడ వాంతులవ్వవన్నమాట?’

మల్కాపురం ఫిట్టర్:
ఇప్పుడు అవ్వవమ్మా. ఓడకి పోస్టింగ్ వచ్చాక అడగండి.