మడతకత్తి పిడి: కర్రా, కొమ్మా, ఎముకా?

ప్రశ్న (హనుమకొండ):
నేను పాత పద్ధతి మడతకత్తులను సేకరిస్తున్నాను. వానకాలంలో ఫ్రాన్సుకు చెందిన ఒపినెల్ కత్తికున్న బీచ్ అనే చెట్టు కర్ర పిడి ఉబ్బి బ్లేడు తెరుచుకోవడం లేదు; ఎండకాలంలో మరో కత్తికున్న గేదె కొమ్ము పిడి రివిట్ల దగ్గర పైకి లేస్తోంది. మన వాతావరణానికి ఏ పిడి మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కరీంనగర్):
ఒపినెల్‌లో బ్లేడు తిరిగే ఇరుసు కర్ర గుండానే పోతుంది కాబట్టి, కర్ర తేమ పీల్చగానే బ్లేడును బిగబట్టేస్తుంది. అది తయారీ లోపం కాదు. నీడలో నెమ్మదిగా ఆరనిచ్చి, అవిసె నూనె పలుచగా రుద్దండి. కొమ్ము మన గోరులాగే కెరటిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడింది కనుక ఎండితే కుంచించుకుని వంగుతుంది, పురుగు కూడా పడుతుంది. ఎముకలో ఖనిజం ఎక్కువ కాబట్టి అంతగా వంగదు గానీ, కింద పడితే చిట్లుతుంది.

జవాబు (నిర్మల్):
కొత్త పిడి వేయించుకుంటే నా ఓటు టేకుకే, ఎందుకంటే దానిలోని సహజమైన నూనె తేమను అడ్డుకుంటుంది. సాంబర్ దుప్పి కొమ్ము పిడి ఎంత అందంగా కనిపించినా దయచేసి కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఉక్కుకు పేరుపొందిన కోనసముద్రం మన పక్కనే ఉంది కాబట్టి, పిడితోపాటు బ్లేడు ఉక్కును గురించి కూడా ఇక్కడ చర్చించాలని నా కోరిక.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. కొమ్ము పిడి రివిట్లు విప్పించవచ్చా?

జవాబు (కరీంనగర్):
పాత కత్తికి వద్దండీ, విప్పేటప్పుడు కొమ్ము పగిలే ప్రమాదముంది. నూనె రాసి, ఎండ తగలని చోట ఉంచండి.