‘సోకసంభవో విపత్తి’: కరుణ ఎక్కడ చెడిపోతుంది?

మన గ్రూపులో ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న, ఆమె మాటల్లోనే:

“రోజూ రాత్రి గాజా వీడియోలు, సూడాన్ వీడియోలు చూస్తున్నాను. గుండె తరుక్కుపోతోంది. ఫోన్ పక్కన పెడితే వాళ్ళను వదిలేసినట్టు గిల్టీగా ఉంటుంది. పెట్టకపోతే నిద్ర పట్టదు. పొద్దున ఎవరు పలకరించినా కసురుకుంటున్నాను. మా అమ్మ ‘నీది మరీ జాలిగుండె’ అంటోంది. ఇది జాలేనా? కరుణ అంటే ఇదేనా? బౌద్ధంలో దీనికి వేరే మాట ఏదైనా ఉందా అక్కా?”

ఉందమ్మా. మాటేమిటి, ఒక వాక్యమే ఉంది. విసుద్ధిమగ్గం అనే పాళీ బౌద్ధ గ్రంథంలో తొమ్మిదో అధ్యాయం మెత్త (మైత్రి), కరుణ, ముదిత (ఎదుటివాళ్ళ సంతోషానికి సంతోషించడం), ఉపేక్ఖ (సమచిత్తం) అనే నాలుగు బ్రహ్మవిహారాల గురించి, అంటే సాధనతో పెంచుకోవలసిన నాలుగు ఉన్నత మనోభావాల గురించి. అక్కడ గ్రంథకర్త బుద్ధఘోషుడు కరుణ లక్షణం ఏమిటో, అది చేసే పని ఏమిటో, దేన్ని చూసి పుడుతుందో వరసగా చెప్పి చివర ఇలా అంటాడు:

విహింసూపసమో తస్సా సంపత్తి, సోకసంభవో విపత్తి.

సంపత్తి అంటే ఇక్కడ ఆస్తి అని కాదు, నెరవేరడం అని. విపత్తి అంటే చెడిపోవడం. హింసించే బుద్ధి చల్లారితే కరుణ నెరవేరినట్టు, శోకం పుడితే కరుణ చెడినట్టు.

మన చెవికి ఇది వింతగా తగులుతుంది. కారణం బళ్ళో చదువుకున్న నవరసాలే అని నా అభిప్రాయం. నాట్యశాస్త్రం రాసిన భరతుడి నుంచీ కరుణ రసానికి స్థాయీభావం, అంటే మూలభావం, శోకం. కరుణరసం బాగా పండింది అంటే హాల్లో జనం కళ్ళు తుడుచుకున్నారని అర్థం. అందుకని ఎంత ఏడిస్తే అంత కరుణ అనే లెక్క మనలో స్థిరపడిపోయింది. ఈ చెల్లెలి గిల్టీ అక్కడి నుంచే వస్తోంది. ఏడుపు ఆపితే కరుణ ఆగిపోయినట్టు అనిపిస్తోంది.

అయితే తెలుగు క్రియ వేరే సంగతి చెబుతుంది, గమనించారా? “కరుణించు స్వామీ” అని మొక్కేవాళ్ళు నాతో కూర్చుని ఏడువు అని అడగడం లేదు, నా కష్టం తీర్చు అని అడుగుతున్నారు. “వానదేవుడు కరుణించాడు” అంటే వాన పడింది. నామవాచకం శోకం వైపు జరిగిపోయినా, క్రియ మాత్రం విసుద్ధిమగ్గం చెప్పిన లక్షణాన్నే పట్టుకుని ఉంది. దుఃఖాన్ని తొలగించే వైపు సాగడమే కరుణ లక్షణం అని అక్కడ ఉంది.

గుండె తరుక్కుపోవడం తప్పని మాత్రం ఆ గ్రంథం అనదు. పరదుక్ఖే సతి సాధూనం హదయకంపనం కరోతీతి కరుణా: ఎదుటివాడికి దుఃఖం కలిగినప్పుడు మంచివాళ్ళ గుండెను వణికిస్తుంది కాబట్టి కరుణ. మొదటి నిర్వచనమే ఇది. వెంటనే రెండోది: కిణాతి వా పరదుక్ఖం, హింసతి వినాసేతి, పరుల దుఃఖాన్ని దెబ్బకొట్టి నాశనం చేస్తుంది. (కిణాతి అంటే పాళీలో మామూలుగా ‘కొంటుంది’. ఇక్కడ హింసతి, వినాసేతి అని పక్కనే విప్పి చెప్పారు కాబట్టి సందేహం లేదు. ఇవి పాతకాలపు నిరుక్తులు, ఆధునిక వ్యుత్పత్తులుగా తీసుకోకండి.) మూడోది, దుఃఖితుల మీదికి పరుచుకుంటుంది కాబట్టి కరుణ. వణకడం, ఎదుర్కోవడం, పరుచుకోవడం. మనం వణకడం దగ్గరే ఆగిపోతున్నాం.

అలా ఆగినప్పుడు ఏమవుతుంది? ప్రతి బ్రహ్మవిహారానికీ బుద్ధఘోషుడు ఒక దగ్గరి శత్రువునూ ఒక దూరపు శత్రువునూ చెబుతాడు. ఆసన్న పచ్చత్థికం, దూర పచ్చత్థికం. పచ్చత్థికం మన ప్రత్యర్థి మాటకు చుట్టమే. కరుణకు దూరపు శత్రువు విహింస, క్రూరత్వం. అది ఎదురుగా వస్తే ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు గేహసిత దోమనస్సం. గేహసితం అంటే ఇంటిని ఆశ్రయించినది, లౌకికమైనది. దోమనస్సం సంస్కృతంలో దౌర్మనస్యం, మనోవ్యథ. కావలసినవి దొరకలేదనో, ఉన్నవి పోయాయనో పుట్టే వ్యథకు మజ్ఝిమనికాయం అనే బుద్ధుడి ఉపదేశాల సంపుటిలో ఇచ్చిన పేరు అది. కరుణా ఆపదనే చూస్తుంది, ఇదీ ఆపదనే చూస్తుంది. అందుకే పోల్చుకోవడం కష్టం.

చెల్లీ, నువ్వు ఇంకో మెసేజ్‌లో రాసిన మాటలు మళ్ళీ చూసుకో. మొదటి వాక్యం శిథిలాల కింద ఉన్న పిల్లవాడి గురించి. తర్వాతవి “నేను తట్టుకోలేకపోతున్నాను”, “నేను ఏమీ చేయలేను”, “నాకు ఈ లోకం మీద నమ్మకం పోయింది”. పిల్లవాడు మొదటి వాక్యంలోనే ఆగిపోయాడు. నిన్ను నిందించడానికి అనడం లేదు, ఆ జారుడు ఎవరికైనా జరిగేదే. దానికి వాళ్ళు పదిహేను శతాబ్దాల కిందటే పేరు పెట్టి ఉంచారు.

దగ్గరి శత్రువు తలుపు తీస్తే దూరపు శత్రువు కూడా లోపలికి వస్తాడు. మనకు బాగా తెలిసిన కథలోనే ఇది ఉంది. క్రౌంచ పక్షి పడిపోయింది, వాల్మీకికి శోకం కలిగింది, శోకం శ్లోకమైంది అని చెప్పుకుంటాం. ఆ శ్లోకం ఏమిటి? “మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః”, బోయవాడికి శాపం. పక్షి కోసం కదిలిన గుండె నిమిషంలో ఒక మనిషిని శపించింది. మహర్షి కాబట్టి వెంటనే ఆగి చూసుకున్నాడు: శోకార్తేనాస్య శకునేః కిమిదం వ్యాహృతం మయా, ఈ పక్షి కోసం శోకంలో మునిగి నేను ఏమిటిలా అనేశాను? బాలకాండ రెండో సర్గలోని ఈ ప్రశ్నను మనం తక్కువగా తలుచుకుంటాం. యుద్ధం వీడియోల కింద కామెంట్లు చదివితే ఈ దారంతా కనిపిస్తుంది. పైన ఏడుపు, కింద ఒక జాతి మొత్తం నాశనమైపోవాలని శాపాలు. ఈ చెల్లెలు పొద్దున ఆఫీసులో కసురుకోవడం కూడా ఆ దారిలో మొదటి మెట్టే.

మరి ఏం చేయమన్నారు? కరుణ భావనకు విసుద్ధిమగ్గం ఇచ్చిన వాక్యం ఇది: కిచ్ఛం వతాయం సత్తో ఆపన్నో, అప్పేవ నామ ఇమమ్హా దుక్ఖా ముచ్చేయ్య. “అయ్యో, ఈ ప్రాణి ఎంత కష్టంలో పడింది! ఈ దుఃఖం నుంచి బయటపడితే బాగుండును.” దీని వ్యాకరణం చూడండి. అయం సత్తో, ఏకవచనం. లోకమంతా ఒకేసారి నెత్తిన పెట్టుకోమనలేదు, దీనస్థితిలో ఉన్న ఒక్క మనిషితో మొదలుపెట్టమన్నారు. తర్వాత ఇష్టులు, మధ్యస్థులు, చివరికి వైరులు. ఇక వాక్యంలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఉన్న సంగతి, రెండోది కోరిక. ముచ్చేయ్య అనే క్రియారూపం మన ‘బాగుండును’కు సమానం. ఫోన్‌లో మనం మొదటి భాగం దాటం. కిచ్ఛం, కిచ్ఛం, కిచ్ఛం, రెండో భాగం వచ్చేలోపు బొటనవేలు తర్వాతి వీడియోకి వెళ్ళిపోతుంది.

నా సలహా ఇంతే: ఒక వీడియో చూడు, ఒక మనిషిని గుర్తుపెట్టుకో, రెండో భాగం పూర్తిగా అనుకో, ఆ కోరిక ఎటు చెయ్యి చాపమంటే అటు ఏదో ఒకటి చెయ్యి. చందా కావచ్చు, ఉత్తరం కావచ్చు, మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దావిడకు మందులు తెచ్చివ్వడం కావచ్చు. తర్వాత ఫోన్ పెట్టేసి పడుకో.

(బుద్ధఘోషుడు ఈ పుస్తకం రాసింది 5వ శతాబ్దంలో, సింహళంలోని అనురాధపురంలో. గ్రంథం చివర ఆయన ఊరు మోరండఖేటకం అని ఉంది. మోర అంటే నెమలి, అండం గుడ్డు. మన పల్నాటి వైపు కోటనెమలిపురి, గుండ్లపల్లి ఊళ్ళే అది అని కొందరు పండితుల వాదన. గయ దగ్గర పుట్టాడని సింహళ సంప్రదాయం. తేలిన విషయం కాదు గాని, తెలుగువాళ్ళం ఈ పేరు తెలుసుకుని ఉండాలి.)

ఈ పోస్టు కింద వచ్చిన మాటల్లో కొన్నిటికి జవాబులు.

ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు: “అమ్మా, ‘ఏకో రసః కరుణ ఏవ’ అన్న భవభూతిని ఏం చేద్దాం? కన్నీరు రాని మనిషి కరుణను నేను నమ్మలేను.”

మాస్టారూ, ఉన్నది ఒకే రసం, అది కరుణే అన్న నాటకకర్త భవభూతితో పేచీ లేదు. నాటకంలో శోకం రసంగా మారుతుంది కాబట్టే ఏడ్చి కూడా తేలికపడి ఇంటికొస్తాం. వార్తలకు ఆ మార్పు జరిగే చోటు లేదు. శోకం శోకంగానే మంచం దాకా వస్తుంది. కన్నీళ్ళ మాట అంటారా, బుద్ధుడి చివరి రోజున శిష్యుడు ఆనందుడు తలుపును ఆనుకుని ఏడ్చాడు. బుద్ధుడు పిలిపించి “అలం ఆనంద, మా సోచి, మా పరిదేవి”, చాలు ఆనందా, శోకించకు, విలపించకు అన్నాడు. ఆపైన తిట్టలేదు. ఇన్నేళ్ళూ నువ్వు నాకు మైత్రితో సేవ చేశావు అని మెచ్చుకున్నాడు. ఏడుపు తగ్గించి, చేసిన పని చూపించాడు.

అమెరికాలో నర్సుగా ఉన్న ఒక అక్క: “మా వార్డులో దీన్ని ‘కంపాషన్ ఫటీగ్’ అంటారు. కరుణ వల్ల అలసట. అంటే కరుణే అలిసిపోతుందనేగా?”

ఆ పేరు సరైనది కాదని మెదడు పరిశోధకురాలు టానియా సింగర్ వాదించారు అక్కా. ఫ్రెంచ్ బౌద్ధ భిక్షువు మాథ్యూ రికార్‌ను స్కానర్‌లో పడుకోబెట్టి, ఎదుటివాళ్ళ బాధను పంచుకోవడం వరకే చేయమన్నారు. కాసేపటికే తట్టుకోలేనంత అలసట వచ్చిందని, కరుణ భావనలోకి మారగానే మనసు తేరుకుందని ఆయన చెప్పారు. తర్వాత మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి చూసినప్పుడూ, ఎంపతీ శిక్షణతో, అంటే బాధను పంచుకునే శిక్షణతో, బాధ పెరిగింది, కరుణ శిక్షణ దాన్ని తిప్పికొట్టింది. అలిసిపోయేది వణుకు. మీరు రోజూ రోగి పక్కన నిలబడి చేసే పని, పరుల దుఃఖాన్ని దెబ్బకొట్టడం అనే రెండో నిర్వచనం కిందికి వస్తుంది.

ఒక తమ్ముడు: “ఏడవద్దు అంటున్నారు, వార్తలు తగ్గించమంటున్నారు. ఇది ఉపేక్షే కదా? సుఖంగా ఉన్నవాళ్ళు చెప్పే మాటలా ఉంది.”

తమ్ముడూ, ఈ అనుమానం రావాల్సిందే. తెలుగులో ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం. “ఉపేక్షిస్తే ప్రమాదం” అంటాం. పాళీలో ఉపేక్ఖ నాలుగో బ్రహ్మవిహారం, మిగతా మూడూ పండాకే వచ్చే సమచిత్తం. మనం ఉపేక్ష అని పిలిచేదాన్ని వాళ్ళు అఞ్ఞాణుపేక్ఖ అన్నారు, అజ్ఞానంతో పట్టనట్టు ఉండడం. అది ఉపేక్ఖకు దగ్గరి శత్రువు! అంటే నీ అనుమానం గ్రంథమే ముందుగా పడింది.

సుఖంగా ఉన్నవాళ్ళ మాట కాదనడానికి ఒక మనిషి చాలు. కంబోడియా భిక్షువు మహా ఘోసానంద థాయ్‌లాండ్‌లో ఒక అడవి ఆశ్రమంలో ఉండగా స్వదేశంలో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సాయుధ దళం పాలన వచ్చింది, 1975 నుంచి 1979 దాకా. ఆయన కుటుంబమంతా అందులో పోయింది. ఏడుస్తున్న ఆయనకు గురువు చెప్పింది, యుద్ధాన్ని నువ్వు ఆపలేవు, నీలో ఎగసే శోకంతో, కోపంతో పోరాడు, నీ దేశానికి పనికొచ్చే రోజుకు సిద్ధంగా ఉండు అని. ఆ రోజు వచ్చింది. సరిహద్దు శరణార్థి శిబిరాలకు వెళ్ళి మెత్త సుత్తం (మైత్రి గురించిన బుద్ధుడి ఉపదేశం) కాగితాలు పంచారు. “న హి వేరేన వేరాని సమ్మంతీధ కుదాచనం”, వైరంతో వైరాలు ఎన్నడూ చల్లారవు అనే ధమ్మపద గాథను పఠిస్తుంటే, ఏళ్ళ తరబడి ఆ మాటలు వినడానికి నోచుకోని జనం భోరున ఏడ్చారు. 1992లో తిరిగి వెళ్ళే శరణార్థులతో కలిసి మందుపాతరల నేల మీదుగా నడిచారు, దానికి ధమ్మయాత్ర అని పేరు. విహింసూపసమో తస్సా సంపత్తి, హింసించే బుద్ధి చల్లారడమే కరుణ నెరవేరడం అంటే నా కళ్ళముందు మెదిలేది ఈ నడక. అఞ్ఞాణుపేక్ఖ ఉన్నవాడు శిబిరానికి వెళ్ళడు. శోకంలో మునిగినవాడు వెళ్ళినా ఆ గాథ పఠించలేడు.

మళ్ళీ ఆ చెల్లెలు: “మరి దగ్గరివాళ్ళే పోయినవాళ్ళకు కూడా ఇదే చెబుతారా అక్కా?”

చెప్పారు, చాలా మెత్తగా. తొలి బౌద్ధ భిక్షుణుల పద్యాలైన థేరీగాథల్లో ఉబ్బిరి అనే తల్లి కూతుర్ని పోగొట్టుకుని శ్మశానంలో “అమ్మ జీవా” అని ఏడుస్తూ ఉంటుంది. కూతుర్ని అమ్మా అని పిలవడం చూడండి, మన ఇళ్ళలో పిలిచినట్టే. తల్లి పిలుపుతో కూతుర్ని పిలుస్తోందని వ్యాఖ్యానం కూడా ప్రత్యేకంగా చెబుతుంది. అత్తానం అధిగచ్ఛ ఉబ్బిరి, నిన్ను నువ్వు పట్టుకో తల్లీ, ఇదే శ్మశానంలో జీవ అనే పేరున్నవాళ్ళు 84,000 మంది కాలిపోయారు, వాళ్ళలో ఎవరి కోసం ఏడుస్తున్నావు అని బుద్ధుడు అడుగుతాడు. ఆ సంఖ్య ఆమె దుఃఖాన్ని చిన్నది చేయడానికి చెప్పింది కాదు. అంతమంది తల్లుల పక్కన ఆమెను నిలబెట్టింది. గుండెలో కనబడకుండా దిగిన సల్లం, అంటే శల్యం, బాణపు ములికి, బయటికి వచ్చేసిందని ఆమే తర్వాత చెబుతుంది.

ఒక్క మాట సూటిగా చెబుతాను చెల్లీ. వారాల తరబడి నిద్ర, తిండి పోతే, బతుకు మీద విరక్తి అనిపిస్తే, పాళీ వాక్యాలతో ఆగవద్దు. డాక్టర్‌ను కలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక గ్రూపుకు నా ప్రశ్న. దోమనస్సానికి ‘దౌర్మనస్యం’ అని రాస్తే శాస్త్రం తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. ‘దిగులు’ దగ్గరగా ఉంది కానీ అందులో ఎదురుచూపు కూడా కలిసి ఉంటుంది. ‘బెంగ’ మరీ ఇంటివాళ్ళ మీద పెట్టుకునేది. మా వైపు పెద్దవాళ్ళు “మనసు మనసులో లేదు” అంటారు. పరాయివాళ్ళ కష్టం చూసి మనసు ఇలా అయిపోవడానికి మీ ఊళ్ళో ఏమంటారు? ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ వాళ్ళు తప్పకుండా రాయండి, ఏ సందర్భంలో ఎవరు అంటారో కూడా చెప్పండి.