కాలువ అవతల మసీదు: అమ్మ చదివే జుమా చెల్లుతుందా?

అస్సలాము అలైకుం. మాది రాజోలు దగ్గర పల్లె. అమ్మ కువైట్‌లో ఇళ్లలో పనిచేసి, పోయిన వేసవిలో తిరిగి వచ్చేసింది. అక్కడ శుక్రవారం వీలు దొరికితే మసీదులో ఆడవాళ్ల వైపు కూర్చుని జుమా (శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి చేసే నమాజు) చదివేది. మా ఊరి మసీదులో ఆడవాళ్లకు చోటు లేదు. కాలువకు అవతలి గట్టునే ఉంది కాబట్టి ఖుత్బా (జుమాకు ముందు ఇమాము చేసే ప్రసంగం) మైకులో ఇంటికి వినిపిస్తుంది. అమ్మ తలస్నానం చేసి, వసారాలో జానమాజ్ (నమాజు చాప) పరిచి, మైకులో ఇమాము గొంతు వెంటే రెండు రకాతులు (నమాజులోని ఆవృత్తులు) చదువుతోంది.

పక్కింటి ఆవిడ మాత్రం, "చెల్లదు వదినా, మధ్యలో పడవలు తిరిగే కాలువ ఉంటే ఇమాము వెంట చదివినట్టు కాదు, నువ్వు నాలుగు రకాతుల జుహర్ చదవాలి" అంటోంది. జుహర్ అంటే రోజూ చదివే మధ్యాహ్నం నమాజు. హనఫీలలో (ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం వారిలో) ఆ మాట ఉన్నదే. కానీ మా కాలువలో గుర్రపుడెక్క తప్ప ఏదీ కదలదు!

జుమా ఆడవాళ్లకు ఫర్జ్ (తప్పనిసరి) కాదని తెలుసు. ఆడవాళ్లు మసీదుకు వెళ్లవచ్చని 2020లో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు చెప్పింది. కాబట్టి ఆ వాదన మళ్లీ వద్దు, దయచేసి.

తెలిసిన ఆలిములను (మత పండితులను) అడిగి చెప్పగలరా: ఇన్ని వారాల జుహర్ అమ్మ కజా (తప్పిన నమాజును తర్వాత తీర్చడం) చదవాలా? అమలాపురం, నర్సాపురం, భీమవరంలలో ఆడవాళ్లకు వేరే గుమ్మం, వజూకు (నమాజుకు ముందు ముఖం, కాళ్లు చేతులు కడుక్కోవడానికి) చోటు ఉన్న మసీదు ఉందా? అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేకపోతోంది.