శిష్యుల చేయి పడిన రచన ఎవరిది?

ఎంవీపీ కాలనీ మృదంగం:
అమెరికన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ‘రెయిన్‌ఫారెస్ట్’ను మొన్న ఇక్కడ ఒకరు గొప్ప స్వరరచన అన్నారు, నాకు అభ్యంతరం ఉంది. 1968లో అమెరికన్ నృత్యకర్త మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్యానికి ఆయన ఆ ధ్వనిని సమకూర్చిన మాట నిజమే. అయితే గది నిండా వస్తువులు వేలాడే నాలుగో రూపం 1973లో న్యూ హాంప్‌షైర్‌లోని ఒక శిక్షణ శిబిరంలో పుట్టింది. వస్తువులు తెచ్చినవారు, వాటికి తగిన ధ్వనులు వెతికినవారు అక్కడ నేర్చుకోవడానికి వచ్చిన యువకళాకారులే. అలాంటప్పుడు ఆయనను మంచి గురువు అంటే చాలదా, స్వరకర్త అని కూడా అనాలా?

పెదవాల్తేరు వీణ:
మృదంగం గారూ, చేసి చూడకుండా ఈ ప్రశ్న తేలదని నా అభిప్రాయం. ట్యూడర్ పద్ధతిలో ధ్వని ముందుగా స్పీకరు డబ్బాకు వెళ్లదు. కంపనాన్ని పుట్టించే చిన్న పరికరాన్ని నేరుగా వస్తువుకే బిగిస్తారు, ఆ వస్తువే మోగుతుంది, దాని కంపనాన్ని మరో మైకు పట్టి గదిలోని మామూలు స్పీకర్లకు పంపుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున రికార్డు చేసిన శబ్దాన్ని నేను ఇంట్లోని ఇత్తడి బిందెకు ఇలాగే పంపాను. పడవ ఇంజను మోత దాదాపు మాయమై, చేపల వేలంపాట కేక మాత్రం గణగణమంటూ మిగిలింది. సగం నీళ్లు పోస్తే బిందె శ్రుతి దిగింది. అదే శబ్దాన్ని అట్టపెట్టెకు పంపితే ఇంజను తిరిగి వచ్చింది, కేక మొద్దుబారింది. బిందె నాది, హార్బరు మనది, కానీ వస్తువు గుణాన్ని బట్టి ధ్వనిని వెతుక్కోవాలన్న నియమం ఆయనది. త్యాగరాజ కృతులు కూడా ఉమయాళ్పురం, వాలాజాపేట, తిల్లైస్థానం శిష్యపరంపరల ద్వారానే, పాఠాంతరాలతోనే కదా మనకు అందాయి!

ఎంవీపీ కాలనీ మృదంగం:
పాఠాంతరాలు ఎన్ని ఉన్నా సాహిత్యం, కర్త పేరు చెప్పే ముద్ర నిలిచే ఉన్నాయి. ఇక్కడ నిలిచినది ఏమిటి? నృత్యం సంగతీ అంతే. మన కూచిపూడిలో నట్టువాంగం ఒక్క అక్షరం తప్పితే అడుగు తడబడుతుంది. కన్నింగ్‌హామ్ నర్తకులు ఆ ధ్వనికి అడుగే వేయలేదు, రెండూ వేర్వేరుగా తయారై వేదిక మీదే కలిశాయి.

పెదవాల్తేరు వీణ:
నృత్యం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అడుగుకు కట్టుబడని ధ్వని కాబట్టే అది వేదిక దిగి గదిలోకి రాగలిగిందని కూడా అంటాను. ఇక బోధన ఆయనకు పక్కపని కాదు: 1969లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరుతో (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే వాద్యం) స్టూడియో నెలకొల్పి అక్కడివారికి నేర్పింది ఈయనే. అయినా శిష్యుల పేర్లు మరుగున పడకూడదన్న మీ వాదనలో న్యాయం ఉంది. ఆ శిబిరం నుంచి ‘కంపోజర్స్ ఇన్‌సైడ్ ఎలక్ట్రానిక్స్’ అనే బృందం ఏర్పడింది. 2019లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఐదో రూపాన్ని ప్రదర్శించినప్పుడు ట్యూడర్ పేరు పక్కనే ఆ బృందం పేరూ వేసింది.