చేపల తొట్టి ఫిల్టర్: డ్రమ్ము కడగాలా, వద్దా?

కావలి_తోట: పెరట్లో సిమెంటు తొట్టి కట్టి కోయి చేపలు పెంచుతున్నాను. 200 లీటర్ల నీలం డ్రమ్ములో కింద గులకరాళ్లు, పైన స్పాంజి వేసి చిన్న మోటారు పెట్టాను. వారం వారం అంతా కుళాయి నీళ్లతో కడుగుతున్నా. అయినా నీళ్లు పచ్చగానే ఉన్నాయి.

ఒంగోలు_మాష్టారు: రాళ్లు కడగొద్దు. చేపల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా రాళ్లకు జిగటగా పట్టడానికి 4 నుంచి 6 వారాలు కావాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. స్పాంజి ఒక్కటీ తొట్టి నీళ్లలోనే పిండండి.

కోవూరు_రొయ్యలరైతు: ఏంది మాష్టారూ, అంతా పుస్తకాల మాట. తమ్ముడూ, సగం నీళ్లు తోడేసి జియోలైట్ (అమ్మోనియాను పట్టుకునే ఖనిజం) చల్లు, అమ్మోనియా పోద్ది.

ఒంగోలు_మాష్టారు: జియోలైట్ మంచినీళ్లలోనే బాగా పనిచేస్తుంది. చేపలకు పుండ్లని తొట్టిలో ఉప్పు వేస్తే, పట్టుకున్న అమ్మోనియాను మళ్లీ వదిలేస్తుంది.

కోవూరు_రొయ్యలరైతు: అంటే మాకు రొయ్యలు పెంచడం రాదంటారా?

ఒంగోలు_మాష్టారు: నేనన్నది జియోలైట్ సంగతి.

కోవూరు_రొయ్యలరైతు: అర్ధరాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి మా గుంటలో రొయ్యలన్నీ చచ్చిపోయాయి. అప్పుడేం చేసింది మీ బ్యాక్టీరియా?

సూళ్లూరుపేట_పిచ్చుక: ఆ పచ్చదనం ఎండకు పెరిగే నాచండీ. కలువ వేసి సగం తొట్టికి నీడ ఇవ్వండి.

కనిగిరి_అక్క: సగం నీళ్లు తోడెయ్యమని ఎంత తేలిగ్గా అనేశారు! మా వీధికి ట్యాంకర్ వస్తే బిందెల కోసం గొడవలవుతాయి. నీళ్లు మార్చే పని తగ్గాలనే కదా ఫిల్టర్ పెట్టుకునేది?

కోవూరు_రొయ్యలరైతు: నీళ్లు లేనిచోట చేపలెందుకమ్మా?

కనిగిరి_అక్క: బోర్లు వేయించి వేయించి మా నాన్న అప్పులపాలయ్యాడు. పడ్డ బోరులో ఫ్లోరైడ్. మా తొట్టిలోవి మిద్దె మీద పడ్డ వాన నీళ్లు. తీసిన చెంబెడు కూడా కరివేపాకు పాదుకే, నైట్రేటు మొక్కకు ఎరువు. మీరు కాలవ పక్కన ఉంటూ మాకు చేపలెందుకంటారా?

కోవూరు_రొయ్యలరైతు: నీళ్లు పారబోయమని నేననలా. చేపలు కిక్కిరిస్తే ఏ ఫిల్టరూ సరిపోదు, నీళ్లు మార్చక తప్పదు. తమ్ముడూ, తొట్టి ఎంత, చేపలెన్ని?

కావలి_తోట: వెయ్యి లీటర్లు పడుతుంది. ఇరవై కోయిలు.

ఒంగోలు_మాష్టారు: ఇరవయ్యా! పెరిగితే ఒక్కోటి రెండడుగుల చేప.

కనిగిరి_అక్క: ముందు వాటిని పెద్ద చెరువున్నవాళ్లకి ఇచ్చేయండి. అంత తొట్టికి చిన్న గప్పీ చేపలు చాలు.