అప్‌డేట్: పెల్లా వెళ్లాలా వద్దా అని అడిగాను కదా

మా ఆయనకి అమెరికాలో అయోవా రాష్ట్రంలోని పెల్లాలో ఉద్యోగం వచ్చింది, అంత చిన్న ఊళ్లో ఉండగలమా అని అడిగాను. "మే నెలలో ట్యులిప్ పండగకి ఒకసారి వెళ్లి చూసి నిర్ణయించుకోండి" అని చాలామంది చెప్పారు. అమ్మానాన్న కూడా ఇక్కడే ఉండడంతో అందరం వెళ్లాం.

1847లో హెండ్రిక్ షోల్టే వెంట వచ్చిన డచ్ వాళ్లు కట్టుకున్న ఊరు ఇది. ఊరి మధ్యలో ఉన్న వర్మీర్ మిల్లు అనే పెద్ద గాలిమర ఇప్పటికీ గాలి బలంతోనే గోధుమలు విసురుతుంది. నాన్న అక్కడినుంచి ఒక పట్టాన కదల్లేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఊరేగింపు ముందు జరిగే వీధి కడగడం. చెక్క చెప్పులు, తెల్ల టోపీలు వేసుకున్న ఆడవాళ్లూ పిల్లలూ బకెట్లతో నీళ్లు గుమ్మరించి, పొడుగు చీపుళ్లతో రోడ్డంతా రుద్దుతున్నారు. "మనం పొద్దున్నే కళ్లాపి చల్లినట్టే ఉందే!" అని అమ్మ మురిసిపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ డచ్ లెటర్ అనే పేస్ట్రీ సగం తుంచి అమ్మ చేతిలో పెట్టింది. ఎస్ ఆకారంలో ఉంటుంది, లోపల బాదం ముద్ద.

ఇబ్బందులు లేవని కాదు. మన సరుకులకి డెమాయిన్ నగరం దాకా, దాదాపు గంట ప్రయాణం. చలికాలం టెన్షన్ కూడా ఉంది. అయినా ఇల్లు అద్దెకి తీసుకున్నాం, వచ్చే నెలలో మారుతున్నాం. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. పండగకి వెళ్లాలనుకునేవాళ్లు గది ముందే బుక్ చేసుకోండి.